సీసెడు పెట్రోలు

ఆ రోజు ధర్మపురి గుడి ముందు తన చక్రం కింద నిమ్మకాయ ఎందుకు నలగలేదన్న సందేహం లక్ష్మీరాజాన్ని ఏళ్ల తరబడి వదల్లేదు.

రెండు బండ్లకూ ఒకేసారి పూజ జరిగింది. ఒకటి తనది, ఇంకొకటి తన సడ్డకుడు పర్శరాములుది. ఇద్దరి భార్యలూ అక్కాచెల్లెళ్లు. కరీంనగర్‌లో ఒకే దుకాణంలో, ఒకే రకం నల్ల మోటారు సైకిళ్లు పక్కపక్కన నిలబెట్టి కొన్నారు. కొన్న వెంటనే నరసింహస్వామి దగ్గరికి తెచ్చారు. అయ్యగారు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తొక్కించమన్నాడు. పర్శరాములు బండి కాయను చితక్కొట్టి ముందుకెళ్లింది. లక్ష్మీరాజం బండి ఒక్క కుదుపు కుదిపింది. దాని కింది కాయ జారి, దొర్లి, కొబ్బరి చిప్పల మధ్య పడింది. "ఏం కాదు" అన్నాడు అయ్యగారు. ఇంకో కాయ పెట్టలేదు. వెనక కొత్త కార్లు వరుసలో ఉన్నాయి.

ఏం కాకపోతే మరి ఆ తర్వాత జరిగిందంతా ఏమిటి?

పర్శరాములు బండి పెట్రోలు వాసన చూసి నడిచేది. లక్ష్మీరాజం బండి మాత్రం తాగేది. లక్ష్మీరాజానికి సిరిసిల్లలో మరమగ్గాల పని. పనికి వెళ్లేముందు రోజూ బండికి అగరుబత్తి వెలిగించి మొక్కేవాడు. టైర్లలో గాలి తగ్గనిచ్చేవాడు కాదు. ఇంజనాయిలు వేళకు మార్పించాడు. ప్లగ్గు, కార్బురేటరు, గాలి ఫిల్టరు అన్నీ శుభ్రం చేయించాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పోయించుకుంటే పెట్రోలు చిక్కగా ఉంటుందని ఎవరో అంటే తెల్లవారక ముందే బంకు ముందు నిలబడ్డాడు. మెకానిక్కు ఒక చుట్టు తిప్పి చూసి "మంచిగనే ఉన్నదే" అనేవాడు. వెనక బ్రేకు షూలు కూడా తన బండికే తొందరగా అరిగిపోయేవి. అదీ తన రాత కిందే రాసుకున్నాడు.

ఆదిలాబాద్ పత్తి మిల్లులో పనిచేసే పర్శరాములు ఇవేవీ పట్టించుకునేవాడు కాదు. బండిని ఎండలో పడేసేవాడు. సీటు చిరిగితే సంచి కుట్టించాడు. అయినా దానికే మైలేజీ. స్వామికి అగరుబత్తి పెట్టేవాడికంటే పెట్టనివాడే ఎక్కువయ్యాడా? ఇట్లా అనుకోవడం తప్పని తెలిసి లెంపలు వేసుకునేవాడు. మరునాడు మళ్లీ అనుకునేవాడు.

అసలు ముల్లు మాత్రం జన్నారం అడవిలో గుచ్చుకుంది. బండ్లు కొన్న కొత్తలో ఇద్దరూ జంటగా ఆదిలాబాద్ వెళ్తుంటే టేకుచెట్ల మధ్య లక్ష్మీరాజం బండి పెట్రోలు లేక ఆగింది. పర్శరాములు నీళ్ల సీసా ఒంపేసి, తన బండి పైపు లాగి, సీసెడు పెట్రోలు పట్టి ఇచ్చాడు. తర్వాత ఎన్నిసార్లు తిరిగి ఇవ్వబోయినా "ఉండనియ్యే అన్నా, నీ బండికి ఆకలెక్కువ" అని నవ్వేవాడు. అది చుట్టాలందరి నోళ్లలో పడింది. ఏ పెళ్లికి పోయినా, "సీసా తెచ్చుకున్నవా లక్ష్మీరాజం?" అని ఎవరో ఒకరు అడగకుండా భోజనం వడ్డించేవాళ్లు కాదు.

అప్పటినుంచి ఇద్దరూ కలిసి ఎటు వెళ్లినా లక్ష్మీరాజం వెనకే నడిపేవాడు. ముందు పోతున్న ఆ బండినే చూసేవాడు. దాని పొగ చూసేవాడు, దాని చప్పుడు వినేవాడు. అందులో ఉన్నదేమిటో, తన దాంట్లో లేనిదేమిటో అంతుపట్టేది కాదు.

ఈ ఏడు కార్తీకంలో రెండు జంటలూ ధర్మపురిలో అత్తగారు లింగవ్వ ఇంట్లో కలిశారు. అక్కను, బావను ఎలాగైనా నాలుగు రోజులు ఆదిలాబాద్ తీసుకుపోతానని పర్శరాములు భార్య మమతారాణి పట్టుబట్టింది. చాయ్ తాగుతుండగా లింగవ్వ అననే అన్నది.

"ఏం బిడ్డా, నీ బండి ఇంక తాగుబోతేనా? అడివిల ఆపకు. మా చిన్నల్లునికి మల్ల సీసెడు ఖర్చు."

అందరూ నవ్వారు. లక్ష్మీరాజం భార్య కోమల కూడా నవ్వింది. అదే అతనికి ఎక్కువ నొచ్చింది.

"తమ్మీ, ఈసారి బండ్లు మార్చుకుందాం" అన్నాడు. "నీది నాకియ్యి. నాది నువ్వు నడుపు. తాగుబోతును తోలుకపోవుడు ఎట్లుంటదో నువ్వు గూడ చూడు."

"చూస్తనే అన్నా. దానికేం ఫికర్" అన్నాడు పర్శరాములు.

రెండు ట్యాంకులూ ఖాళీ చేశారు. ఉన్నదాన్ని డబ్బాలో పట్టి లింగవ్వ ఇంటి పంచలో పెట్టారు. బంకులో ఇద్దరూ సమానంగా పోయించుకున్నారు. పర్శరాములు బండి అయితే ఆదిలాబాద్ చేరి ఇంకా మిగుల్తుంది, లక్ష్మీరాజం బండి అయితే దారిలోనే ఆగుతుంది. అంతే లెక్క.

బయలుదేరే ముందు దర్శనానికి వెళ్లారు. హారతి కళ్లకద్దుకుంటూ లక్ష్మీరాజం, 'స్వామీ, ఈ ఒక్కసారి వాణ్ని రోడ్డు మీద నిలబెట్టు' అనుకున్నాడు. నోటితో అనలేదు. మనసులో అన్నది స్వామికి వినబడదా? తీర్థం తీసుకుని లెంపలు వేసుకున్నాడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

రాయపట్నం వంతెన మీద కోమల గోదావరికి దండం పెట్టింది. లక్ష్మీరాజం గోదావరిని చూడలేదు, అద్దంలోకి చూస్తున్నాడు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి అతను ముందుండటం. మంచి బండి తన కింద ఉంది, తాగుబోతు వెనక వస్తోంది. లక్సెట్టిపేట దాటాక వెనకనుంచి హారన్ మొదలైంది. జన్నారం అడవిలో మళ్లీ మోగింది. పర్శరాములు చెయ్యి ఊపుతూ ఏదో సైగ చేస్తున్నాడు.

"గాయన పిలుస్తుండు. జర ఆగరాదు" అన్నది కోమల.

"పిలుస్తలేడు. ముందటికి పోదామని చూస్తుండు."

"పోతే పోనీ. పందెమా ఏంది?"

లక్ష్మీరాజం మళ్లీ అద్దంలోకి చూశాడు. ఇంకాస్త రేజు ఇచ్చాడు. హారన్ వెనకబడింది. ఆ చప్పుడు సన్నబడుతుంటే గుండెలో ఏదో తీపిగా అనిపించింది. ఆ తీపికి సిగ్గు కూడా వేసింది. అయినా బండి ఆపలేదు.

ఊట్నూరు దాటి, రెండు పక్కలా తెల్లగా విచ్చిన పత్తి చేలు వచ్చేసరికి బండి దగ్గింది. రిజర్వు తిప్పాడు. కొంత దూరం పోయి మళ్లీ దగ్గింది. ఆగింది. మూత తీసి ట్యాంకు ఊపాడు. చప్పుడు లేదు. ఇది పర్శరాములు బండి. ఇది ఎట్లా ఆగింది?

పర్శరాములు వచ్చి పక్కన ఆపాడు. అతని కింద తాగుబోతు బండి హాయిగా గురగురమంటోంది.

"ఏమైందే అన్నా?"

"నీ బండి ఆగింది, చూస్తలేవా?" లక్ష్మీరాజం మండిపడ్డాడు. "గంతసేపు హారన్ కొట్టుడేంది? ముందటికి పోవాల్నంటే పోరాదు?"

"ఎర్ర లైటు గురించి కొట్టిన. వంతెన దాటిన కాంచి నీ ఎనక ఎర్ర లైటు ఆరుతనే లేదు. లైటే ఖరాబైందనుకున్న. ఎత్తు గడ్డ ఎక్కేటప్పుడు గూడ ఎలుగుతాంది. గడ్డ ఎక్కేటోడు బ్రేకు ఎందుకు తొక్కుతడే?"

"నేనెక్కడ తొక్కిన?"

"తాళం తిప్పి ఎక్కి కూసో."

లక్ష్మీరాజం కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనకముందే అతని కుడిపాదం దానంతట అదే పోయి బ్రేకు మీద ఆనింది. గట్టిగా కాదు. తడిమినట్టు. వెనక నిలబడ్డ మమతారాణి చప్పట్లు కొట్టింది.

"ఎలిగింది బావా! పెండ్లి పందిరి లెక్క ఎలిగింది!"

పాదం ఎత్తాడు. ఆరింది. ఇంకో మాట మాట్లాడేలోపు పాదం మళ్లీ వెళ్లి అక్కడే కూర్చుంది.

"అగో, మగ్గం కాలు" అన్నది కోమల. ఈసారి నవ్వలేదు.

ఆ మాట నిజం. మరమగ్గాలకు పోకముందు, చిన్నప్పుడు, బాపు గుంటమగ్గంలో కూర్చోబెట్టి నేత నేర్పాడు. కింద కాలితో తొక్కే కర్రలుండేవి. పాదం వాటి మీదినుంచి లేవకూడదు. లేస్తే వరుస తప్పుతుంది, వీపు మీద దెబ్బ పడుతుంది. మగ్గం పోయింది, బాపు పోయాడు. కాలు మాత్రం ఇంకా నేస్తూనే ఉంది. లక్ష్మీరాజం దిగి వెనక చక్రం మధ్య బ్రేకు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమని కాలడంతో లాక్కున్నాడు.

"ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న చెప్పకపోతివేరా?"

"నాకెట్ల కనబడాలె? నువ్వెన్నడన్న నా ముందట నడిపినవా అన్నా? ఎప్పుడు చూసినా నా ఎనకాలనే ఉంటివి."

పర్శరాములు మామూలుగానే అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. తను వెనక ఎందుకు నడిపాడో లక్ష్మీరాజానికి తెలుసు, స్వామికి తెలుసు. ఈర్ష్య పడకుండా ఒక్కసారి ముందుకు పోయి ఉంటే, ఏనాడో పర్శరాములే చెప్పేవాడు.

నిమ్మకాయ గుర్తొచ్చింది. ఆ రోజూ కాలు బ్రేకు మీదే ఉండి ఉంటుందా? అందుకే బండి కుదిపిందా? స్వామి కాయను తోసేశాడా, తన పాదం తోసేసిందా? ఏమో. పొద్దున గుళ్లో కోరింది మాత్రం తీరింది. ఎవరో ఒకరు రోడ్డు మీద నిలబడ్డారు.

పర్శరాములు అవతలి బండి మూత తీసి లోపలికి చూశాడు. "నీ బండి ఏం తాగలేదే అన్నా. ఇంక మస్తుగున్నది."

లక్ష్మీరాజం తన బండి వైపు చూశాడు. ఇన్నేళ్లు అగరుబత్తులు పెట్టింది తను. పరాయివాడు ఎక్కగానే ఇంత బుద్ధిగా నడిచింది. పర్శరాములు మీద ఉన్న కుళ్లంతా ఒక్క క్షణం తన సొంత బండి మీదికే మళ్లింది. ఆ తర్వాత ఎందుకో నవ్వొచ్చింది.

"కోమలా, సీసా ఇయ్యి."

ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. సగం తాను తాగి, మిగతాది చెల్లెలికిచ్చి, ఖాళీ సీసా చేతికిచ్చింది. లక్ష్మీరాజం రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని తన బండి పైపు లాగాడు. పెట్రోలు సన్నగా సీసాలోకి కారింది. మెడ దాకా నిండింది.

"సగం చాలే అన్నా, ఇంక ఎంత దూరముంది" అన్నాడు పర్శరాములు.

"నువ్వు ఊకో. ఆనాడు నువ్వు సగమిచ్చినవా?"

చుక్క కింద పడకుండా సీసెడు పెట్రోలూ సడ్డకుడి బండిలో ఒంపాడు లక్ష్మీరాజం. సీసాను బోర్లించి, అడుగున తట్టి, చివరి చుక్క కూడా రాలి పడేదాకా అట్లాగే పట్టుకున్నాడు.