చెల్లి చెయ్యి ఆగదు

మా ఆఫీసు గోడకు ఒక పెద్ద తెర ఉంది. దాని మీద తొమ్మిది వందల పన్నెండు గళ్ళు, ఒక్కో గడి ఒక్కో పరీక్ష. మేము ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. ప్రోగ్రామర్లు ఎక్కడ ఏ చిన్న మార్పు చేసినా ఈ పరీక్షలన్నీ వాటంతటవే నడుస్తాయి. ఇరవై నిమిషాల్లో గళ్ళన్నీ పచ్చబడితే అందరూ టీ తాగడానికి లేస్తారు. ఒక్కటి ఎర్రబడితే మాత్రం అందరూ తలలు తిప్పి నా వైపు చూస్తారు. వాటిలో సగానికి పైగా రాసింది నేనే మరి.

ఏడేళ్ళు చేత్తో నొక్కి పరీక్షించినదాన్ని నేను. ఆటోమేషన్ వచ్చిన రోజున, ఇక నీ పని అయిపోయిందని జాలిపడ్డవాళ్ళు ఉన్నారు. వాళ్ళ జాలి నాకెందుకు? మూడు నెలలు పట్టుబట్టి స్క్రిప్టులు రాయడం నేర్చుకున్నాను. నా వేళ్ళు చేసే పనిని యంత్రానికి నేర్పాను. అది విసుక్కోదు, సెలవు అడగదు, నిన్న చేసిందే ఇవాళా చేస్తుంది. యంత్రం మీద నాకు ఏ కోపమూ లేదు. నా కోపమంతా దాని మాట వినని మనుషుల మీద.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ పరీక్షయినా తప్పితే వెంటనే ఎర్రబడదు. దానికి మూడు అవకాశాలు ఇస్తాం. మూడింట్లో ఒక్కసారి నెగ్గినా పచ్చే. మూడుసార్లూ తప్పి, మర్నాడు ఏమీ ఎరగనట్టు నెగ్గితే దాన్ని 'అలిగినవి' అనే జాబితాలో పడేస్తాం. అందులో పడ్డది ఇక నడవదు, గోడ మీద దాని గడి కూడా ఉండదు. ఆ పేరు పెట్టింది నేనే. నాలుగేళ్ళ క్రితం మొదటి పరీక్షను అందులో వేసిందీ నేనే. అప్పుడు అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు అందులో నలభై ఒకటి ఉన్నాయి. ఒక్కదాన్ని కూడా ఎవరూ బుజ్జగించిన పాపాన పోలేదు.

ఈసారి గొడవ కొత్త వెర్షన్ మీద వచ్చింది. వార్డులో నర్సు ఇంజెక్షన్ ఇచ్చాక ట్యాబ్ మీద ఒక బటన్ నొక్కుతుంది. 'ఇవ్వాలి' అని ఉన్నది 'ఇచ్చాం' అని మారుతుంది. పొరపాటున నొక్కితే మళ్ళీ అదే బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుని వెనక్కి మార్చుకోవచ్చు. సోమవారం ఇది మొదటగా వెళ్ళేది మా చెల్లి పనిచేసే ఆసుపత్రికి. అదీ మా చెల్లి వార్డుకే.

అందుకని చెల్లిని మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, చేతికి తొడుగు వేయించి, ట్యాబ్ ఇచ్చాను.

"నేనే పేషెంటుననుకో. వార్డులో ఎలా నొక్కుతావో అలాగే నొక్కు" అన్నాను.

అది తెర వైపు చూడనే లేదు. నా మొహం చూస్తూ టకటకా రెండుసార్లు నొక్కింది.

"రెండుసార్లెందుకే?"

"తొడుగు వేసుకుంటే మొదటిసారి సరిగ్గా తగలదక్కా. ఎందుకైనా మంచిదని రెండోది. అందరం అంతే."

"తెర చూడొచ్చుగా?"

"సూది గుచ్చాక మనిషిని చూడాలా, తెరని చూడాలా?"

యాభైసార్లు నొక్కించాను. రెండు నొక్కుళ్ళ మధ్య ఒకసారి రెండు సెకన్లు, ఒకసారి రెప్పపాటు. తొడుగు తీసేస్తే మణికట్టు మీద ఎప్పటిలాగే నీలం సిరాతో అంకెలు. పరీక్షల్లో కాపీ కొట్టే పిల్లలా చేతి మీద ఆ రాతలేంటే అని నేను ఎన్నాళ్ళుగానో దాన్ని ఏడిపిస్తూనే ఉన్నాను. అది నవ్వి ఊరుకుంటుంది.

మర్నాడు ఆఫీసులో కొత్త పరీక్ష రాశాను. పేరు 'చెల్లి చెయ్యి'. వార్డులో ఉండేంత నెమ్మదైన నెట్‌వర్కు పెట్టి, రెండు నొక్కుళ్ళ మధ్య మా చెల్లి కొలతల్లోంచి ప్రతిసారీ ఒక కొత్త ఎడం తీసుకుని నొక్కుతుంది. చివర్లో తెర మీద 'ఇచ్చాం' అనే ఉండాలి. దీనికి మూడు అవకాశాల సౌకర్యం నేను ఇవ్వలేదు. పేషెంటుకు మూడు అవకాశాలు ఉండవు కదా. పది రోజుల్లో నలభైసార్లు నడిస్తే ఐదుసార్లు ఎర్రబడింది.

మా మేనేజర్‌ను వెనకాల అందరం రేపటి సారు అంటాం. ఏ సమస్య చెప్పినా రేపు చూద్దాం అంటాడు. గురువారం నా బల్ల దగ్గరికి ఆయనే వచ్చాడంటే సోమవారం ఎంత దగ్గరకొచ్చిందో అర్థం చేసుకోవచ్చు.

"నలభైకి ముప్పై ఐదు పాసయిందంటే అది ఫస్టు క్లాసేగా మేడమ్! అలిగినవాటిలో వేసెయ్యండి. రిలీజయ్యాక చూద్దాం."

"వెయ్యను సార్."

"పోనీ, రెండు నొక్కుళ్ళ మధ్య రెండు సెకన్లు ఆగమని ఒక్క లైను రాయండి. పచ్చబడిపోతుంది."

"పరీక్ష ఆగుతుంది సార్. మా చెల్లి ఆగదు."

"మీ చెల్లెలి కోసం కంపెనీ మొత్తం ఆగాలా?" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

శుక్రవారం పొద్దున వచ్చేసరికి గోడ మొత్తం పచ్చగా ఉంది. నేను సంతోషించలేదు. నా పరీక్ష తెరిచి చూస్తే మధ్యలో ఒక కొత్త లైను ఉంది, రెండు సెకన్లు ఆగమని. రాసింది ఎవరో ఆ లైను పక్కనే పేరుంది. ఆ బటన్ తయారుచేసిన ప్రోగ్రామరే. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ కాబట్టి అతన్ని మౌనవ్రతం అంటాం. నేను చూస్తే తల దించుకున్నాడు.

"సారు రాయమన్నారండీ" అన్నాడు.

"మీకు తెలిసే రాశారా?"

ఇది మాలాంటివాళ్ళు మాత్రమే చేసే తప్పు. తలుపు సరిగ్గా పడటం లేదంటే గడియ బాగుచేయరు, తలుపు మెల్లగా వేయమని పరీక్షించేవాడికి చెబుతారు. నేనూ గతంలో ఎన్నోసార్లు అలాంటి లైన్లు రాసినదాన్నే. అందుకే ఇంకా మండింది.

ఆ లైను తీసేశాను. తీసేసి, ఆ ఒక్క పరీక్షనే వరసగా వందసార్లు నడిపాను. ప్రతిసారీ నొక్కుళ్ళ మధ్య ఎంత ఎడం ఉందో పక్కన రాయించాను. వందలో పన్నెండు తప్పాయి. ఎడం ఎక్కువ నుంచి తక్కువకు వరస పెట్టి చూస్తే పన్నెండూ అడుగునే, ఒకే చోట ఉన్నాయి. అన్నీ అర సెకను కంటే తక్కువ. అర సెకను దాటిన ఒక్కటి కూడా తప్పలేదు. అంటే నా పరీక్ష అలగలేదు. రెండో నొక్కు మరీ త్వరగా వస్తే, మొదటిది ఇంకా దారిలో ఉండగానే, మా బటన్ రెండింటినీ కలిపి ఒకే పొడుగు నొక్కుగా లెక్కేసి, పొరపాటు దిద్దుకోవడం అనుకుంటోంది. పది రోజులుగా ఒకటే మాట చెబుతోంది ఆ పరీక్ష.

ఆ వరసను కాగితం మీద అచ్చు తీసి సారు ముందు పెట్టాను. ఆయన పైనుంచి కిందకు చూసి పక్కకు నెట్టాడు.

"అంత వేగంగా ఎవరు నొక్కుతారండీ? ఇవన్నీ యంత్రం వేషాలు. రిలీజు పత్రం మీద పరీక్షల తరఫున సంతకం పెట్టండి."

"పెట్టను."

"మీరు కాకపోతే ఇంకొకరు పెడతారు."

"పెట్టనివ్వండి. ఆ సంతకం కిందే ఈ కాగితం కూడా కుట్టి పంపిస్తాను. ఎందుకు పెట్టలేదో నా చేత్తో రాసి మరీ."

ఉద్యోగం పోతుందేమోనన్న భయం లేకపోలేదు. కానీ భయపడుతూనే అన్నాను, అన్నందుకు ఇప్పటికీ చింత లేదు. బయటికొచ్చి చెల్లికి ఫోన్ చేశాను. డ్యూటీ దిగగానే రెండున్నరకు వచ్చేసింది, ఇంకా యూనిఫాంలోనే. సంచిలోంచి తొడుగులు తీసి వేసుకుంది. నేను సారు గదిలోకి తీసుకెళ్ళాను. మౌనవ్రతాన్ని కూడా రమ్మన్నాను.

"సార్, యంత్రం వేషాలన్నారుగా. మనిషిని తీసుకొచ్చాను. ఐదు నిమిషాలు మీరు పేషెంటు."

సారు మొహమాటానికి చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు. చెల్లి ఆయన మొహం చూస్తూ ట్యాబ్ మీద రెండుసార్లు నొక్కింది. 'ఇచ్చాం' అని వచ్చింది. సారు నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. రెండోసారి కూడా 'ఇచ్చాం'. ఇంతలో చెల్లి తన ధోరణిలో, "కళ్ళు తిరుగుతున్నాయా సార్? మొహం పాలిపోయిందేంటి?" అంటూ మూడోసారి నొక్కింది.

తెర మీద 'ఇవ్వాలి' అని ఉంది.

చెల్లి ఇప్పుడు తెర చూసింది. "ఇదేంటక్కా? ఇంజెక్షన్ ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

"ఇచ్చావు" అన్నాను.

"మరి నా తర్వాత డ్యూటీకొచ్చే అమ్మాయి ఇది చూస్తే ఇంకోటి ఇచ్చేస్తుందిగా!"

సారు చొక్కా చెయ్యి దింపుకుంటూ, "కాస్త రెండు సెకన్లు ఆగి నొక్కితే సరిపోతుందమ్మా" అన్నాడు.

"ముప్పై రెండు మంచాలు సార్, ఇద్దరం నర్సులం. మీరొచ్చి ఆగండి మా బదులు."

మౌనవ్రతం నోరు విప్పాడు. "తప్పు బటన్‌దే సార్. వెనక్కి మార్చడానికి వేరే బటన్ పెట్టాలి. మొదట్నుంచీ నాకు అనుమానంగానే ఉంది. వారం కావాలి." అతని నోట ఒక్కసారే ఇన్ని మాటలు రావడం అదే మొదటిసారి. సారు సోమవారం రిలీజును వారం వాయిదా వేస్తున్నామని ఆసుపత్రికి ఫోన్ చేశాడు. నేను గెలిచాననుకున్నాను. చెల్లికి క్యాంటీన్లో కాఫీ కూడా ఇప్పించాను.

ఆదివారం మధ్యాహ్నం అది మా ఇంటికి వచ్చి కంచాలు కడుగుతోంది. మణికట్టు మీద మళ్ళీ నీలం అంకెలు. ఎంత రుద్దినా పోవడం లేదు.

"ఇంకా ఎన్నాళ్ళే ఈ కాపీ రాతలు? ట్యాబ్ చేతికిచ్చి నాలుగేళ్ళయింది" అన్నాను.

"ఆ ట్యాబ్ వల్లేగా రాసుకునేది" అంది అది, కంచం మీంచి చూపు తిప్పకుండానే. "ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్ళినప్పుడు ఒక్కోసారి పాత మనిషి పేరే ఉండిపోతుంది తెర మీద. ఎప్పుడో ఒకసారిలే. అందుకని ఏ మంచానికి ఏ మందో మేం చేతి మీద రాసుకుంటాం. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చెప్తాం."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీకు తెలుసనుకున్నా అక్కా. మీరే కదా తయారుచేసేది."

మంచం మారితే పేరు మారుతుందా లేదా అని చూసే పరీక్ష నాకు బాగా గుర్తుంది. దాన్ని రాసింది నేను. ఎప్పుడో ఒకసారి తప్పుతోందని, అలిగిందని నవ్వుతూ పక్కన పడేసింది నేను. ఆ జాబితాలో మొట్టమొదటిది అదే. నాలుగేళ్ళుగా దాని జవాబు చెల్లి చేతి మీద కనిపిస్తూనే ఉంది, నేను ఎగతాళి చేస్తూ వచ్చాను. చెల్లి కొళాయి కట్టేసి, "ఏమైందక్కా?" అంది. దాని తడి చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాను. మూడు అవకాశాలు ఇమ్మని చెప్పే లైనును తీసేశాను. అలిగినవాటి జాబితా మొత్తం ఖాళీ చేసి, నలభై ఒక్కదాన్నీ గోడ మీదికి తెచ్చాను. ఇలా చేశానని, ఎందుకు చేశానని అందరికీ ఉత్తరం పంపాను. మొదటి తప్పు నాదేనని కూడా అందులో రాశాను.

అందరూ వచ్చేసరికి గోడ మీద ముప్పై ఆరు గళ్ళు ఎర్రగా ఉన్నాయి. రేపటి సారు సంచి భుజానే ఉంచుకుని నిలబడిపోయాడు.

"ఏంటి మేడమ్ ఇది? మొన్ననేగా మీ మాట నెగ్గింది. తీసెయ్యండి వీటిని, రేపు చూద్దాం."

"తీయను సార్. కావాలంటే నన్ను తీసెయ్యండి."

మౌనవ్రతం తన కుర్చీ లాక్కుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మొదటి ఎర్ర గడి తెరిచాడు.

"ఎన్నాళ్ళు ఇలా ఎర్రగా ఉంటుందండీ ఈ గోడ?" అని అడిగాడు సారు.

"మా చెల్లి చేతి మీద సిరా పోయేదాకా" అన్నాను.