మెడ కొలత

ఆదివారం పొద్దున కూతురు హరిణి మెడ కొలవడం కూడా అనసూయ ఇంటి పనుల్లో ఒకటైపోయింది. జాకెట్లు కుట్టే టేపుతో కొలిచి, హాల్లో పేపరు చదివే మొగుడికి వినబడేలా "పన్నెండే" అనాలి. అంటే మురళీధర్‌కి నిమ్మళం.

కేబుల్ టీవీలో ఎవరో డాక్టరు చెప్పాడట, పరుగెత్తేవాళ్ల మెడ ఉన్నట్టే ఉంటుందనీ, కుస్తీ పట్టేవాళ్లది లావెక్కుతుందనీ. "ఉరుకుతే ఉరకనీ. కుస్తీ అన్నదనుకో, ఆటా బంద్, సదువూ బంద్. మెడ దున్నపోతు లెక్కయితే దాన్ని ఎవడు చేసుకుంటడు?" అన్నాడు. నోట్లో నువ్వుగింజ నానని అనసూయ, పిల్ల గ్రౌండు పేరు చెప్పి భీమన్న తాలీంలో కుస్తీ పడుతోందన్న మాట నాలుగు నెలలు కడుపులో దాచుకుంది. పిల్ల మెడ పదమూడు అంగుళాలు దాటినా పన్నెండే అంది.

రేపు నాగపూర్‌లో ఆడపిల్లల కుస్తీకి ఎంపిక. మధ్యాహ్నం బస్సుకి పోవాలి. ఇవాళే మురళీధర్ వంటింట్లోకి వచ్చాడు. అతను పనిచేసే ప్లాంటులో ఎవరో కుస్తీ సంగతి చెవిలో ఊదారు.

"టేపు గిట్ల తే. నేను సూస్త."

అయిపోయింది, పిల్ల బతుకు నా బతుకే అయిపోయింది అనుకుంది అనసూయ. పదిహేడేళ్లుగా కింది నల్లా నుంచి మూడో అంతస్తుకి తల మీద బిందె మీద బిందె. "మా కోడలు గట్టిది, రెండేసి ఎత్తుతది" అని అత్త నలుగురిలో మురిసేది. ఆ అత్తే పండగనాడు, "నా బంగారు పట్టెడ నీ మెడకు యాడ పడుతదే" అని చిన్న కోడలికి పెట్టింది. ఆ రోజు స్నానాల గదిలో నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఇప్పుడు ఏడుపూ రాలేదు.

హరిణి గోడకి అతుక్కుపోయింది. మురళీధర్ చెయ్యి చాచాడు. అనసూయ టేపు ఇవ్వలేదు, తన మెడకే చుట్టుకుంది.

"ముందు నాది సూడుండ్రి. పద్నాలుగు. పెండ్లినాడు పన్నెండుండె. లావెక్కుతుందని ఒక్కనాడన్న బిందె దించుమన్నరా?"

అని పిల్ల వైపు తిరిగింది.

"సంచి తీస్కో బిడ్డా. నేనూ వస్తున్న" అంది అనసూయ చెప్పులేసుకుంటూ.

మురళీధర్ మెట్ల దాకా వెనకే వచ్చాడు. "మరి రేపు నీళ్లెవరు తెస్తరు?"

అనసూయ వెనక్కి తిరిగి, పెళ్లయ్యాక మొదటిసారి అతని మెడ వంక తేరిపార చూసింది.

"మీది సన్నగనే ఉంది" అంది.