మేనమామ గండం

పురిటి మంచం దిగొచ్చిన కూతుర్ని వీధిలో నిలబెట్టి తలుపు మూసిన తల్లిని మీరెక్కడైనా చూశారా? నగరిలో ఆ నేతవీధి వీధంతా చూసింది. చూసి, ఇదేం పనమ్మా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అరుగుల మీద కూర్చుని నూలు కండెలు చుట్టుకుంటూ గుడ్లప్పగించి చూశారు, అంతే.

చౌడేశ్వరి తిరుపతి ఆసుపత్రి నుంచి బస్సులో వచ్చి, బస్టాండులో ఆటో ఎక్కి, ఇంటి ముందు పళ్ళు బిగబట్టి దిగింది. కుట్లు లాగుతున్నాయి. ఒళ్ళో పసిగుడ్డు. వెనకాల సంచులు మోస్తూ మొగుడు రామచంద్ర. తొలికాన్పు పుట్టింటి బాధ్యత కాబట్టి ఏడో నెలలోనే రేణిగుంట నుంచి ఆమెను ఇక్కడికి తెచ్చారు. లోపల మరమగ్గాలు దడదడలాడుతున్నాయి. అమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెంతో ఎదురొచ్చి దిష్టి తీస్తుందని ఆమె గుమ్మం వైపు చూసింది.

అమ్మ చంద్రకాంతమ్మ వచ్చింది. చేతిలో పళ్ళెం లేదు. వస్తూనే తలుపు రెక్క దగ్గరికి లాగి అడ్డంగా నిలబడింది.

“ఆడ్నే ఉండు మే. లోపలికి రావద్దు. గోపీ ఇంట్లోనే ఉండాడు.”

“ఉంటే ఏమిమా? వాని ఇంట్లో వాడు ఉండక యాడికి పోతాడు?”

“బిడ్డ పేగు మెడలో ఏసుకోని పుట్టినాడు కదా. మేనమామకి గండం. శాంతి చేసి, నూనెలో మొగం సూపించేదాకా వాని కంట పడకూడదని పంతులు గట్టిగా సెప్పినాడు. మళ్ళీ బిడ్డ పుట్టిన నక్షత్రం వచ్చేదాకా ఓర్సుకో తల్లీ.”

చౌడేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. కాన్పు గదిలో నర్సు సంతోషంగా చెప్పిన మాట అది. బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకుని ఉండిందని, వెంటనే తీసేశామని, బిడ్డకేం కాలేదని, దేవుడికి దండం పెట్టుకోమని చెప్పి చంద్రకాంతమ్మ చేతికి బిడ్డను అందించబోయింది. చంద్రకాంతమ్మ చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. ఇల్లు సర్దాలంటూ మర్నాడే నగరికి వెళ్ళిపోయింది. బాలింత కోసం గది కడుగుతుందేమోననుకుంది పిచ్చి చౌడేశ్వరి. అమ్మేమో పంతులు ఇంటికి పోయింది.

చంద్రకాంతమ్మ చెడ్డది కాదు. అదే కదా ఒళ్ళు మండేది! చెడ్డదైతే నాలుగు తిట్టి పోవచ్చు. మొగుడు రంగనాథం మగ్గం మీదే గుండె ఆగి పోయాక, ఆ ఇంటికి మిగిలిన మగదిక్కు గోపీ ఒక్కడే. కొడుక్కి తుమ్ము వస్తే ఆమెకు నిద్ర పట్టదు. సరే, కొడుకు మీద ప్రేమ ఉండొద్దని ఎవరన్నారు? ఆ ప్రేమలో కూతురు ఒకతె ఉందని, దాని ఒంట్లో ఇంకా పచ్చి ఆరలేదని గుర్తుండొద్దా?

“మరి నేను యాడుండేది? రోడ్డు మీదనా?” అని అరిచింది చౌడేశ్వరి.

“వీధి సివర మన పాత షెడ్డు ఊడ్పించినాను. మంచం ఏసినాను. కూడూ నీళ్ళూ నేనే తెచ్చిస్తా.”

“నువ్వన్నా మాట్లాడయ్యా!” అని మొగుడి వైపు తిరిగింది. రామచంద్రకు నోట్లో నాలుక లేదు. రేణిగుంట గోడౌనులో మూటలెత్తే మనిషి, ఇంట్లో తల్లి మాటకు తలెత్తడు. తొలికాన్పు బాలింతను మనం పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారని వాళ్ళమ్మ భారతమ్మ ముందే చెప్పి పంపింది. “కొన్ని దినాలే కదా, సర్దుకో. పెద్దోళ్ళు సెప్పినాక ఏం జేస్తాం?” అన్నాడు. షెడ్డులో సంచులు పెట్టి, సాయంత్రం డ్యూటీ ఉందని బస్సెక్కేశాడు మహానుభావుడు.

మగబిడ్డ పుట్టాడని వీధంతా చక్కెర పంచాల్సిన ఇల్లు అది. ఆ మగబిడ్డను తీసుకుపోయి రేకుల షెడ్డులో పెట్టారు. నడి వేసవి. రేకులు పొయ్యి మీది పెనంలాగా కాలేవి. మూలమూలనా నూలు దుమ్ము, గోడలకు ఏళ్ళనాటి గంజి వాసన. కిటికీ తెరిస్తే పక్కింటి మగ్గాల మోత, మూస్తే ఊపిరాడదు. అమ్మ పూటకోసారి వచ్చి వెల్లుల్లి కారం కలిపిన అన్నం గుమ్మంలో పెట్టేది. బాలింతకు చలువ చేస్తుందని నీళ్ళు మాత్రం చిన్న గ్లాసుతో లెక్కగా ఇచ్చేది. బిడ్డను ఎత్తుకునేది కాదు. ఎత్తుకుని ఇంటికి పోతే ఆ గాలి గోపీకి తగులుతుందట.

గోపీని పెంచింది చౌడేశ్వరే. నాయన పోయిన ఏడు ఆమె బడి మానేసి మగ్గం ముందు కూర్చుంది. వాడు అప్పుడు పలక పట్టిన పిల్లోడు. వాడికి అమ్మవారు పోస్తే వేపమండలతో విసిరింది ఆమె, పరీక్ష ఫీజు కట్టింది ఆమె, దొంగతనంగా సినిమాకు పోతే అమ్మ దెబ్బలకు అడ్డం పడిందీ ఆమే. ఇప్పుడు వాడు మీసాలొచ్చిన మగాడు. షెడ్డు ముందు నుంచే మగ్గాలకు పోవాలి, పోయేటప్పుడు తల అవతలికి తిప్పుకుని పోయేవాడు. కిటికీలోంచి చూసినప్పుడల్లా ఆమెకు కడుపు రగిలిపోయేది. “ఒరే, నా మొగమన్నా సూడరా! నేనేం పేగేసుకోని పుట్టలేదే!” అని ఒకరోజు గట్టిగా కేకేసింది. వాడు చెవులు లేనట్టే పోయాడు.

ఎండకో, నీళ్ళు చాలకనో, దిగులుకో పాలు సరిగ్గా పడలేదు. బిడ్డ ఏడవడం తగ్గించాడు. మంచి బిడ్డ, అమ్మను సతాయించడు అంది చంద్రకాంతమ్మ గుమ్మంలోంచే. మంచితనం కాదది, సత్తువ లేకపోవడం. ఒకరోజు మధ్యాహ్నం చౌడేశ్వరి బిడ్డను వెలుతురులోకి తెచ్చి చూసుకుంటే కళ్ళు పసుపు ముద్దలా ఉన్నాయి. రొమ్ము నోటికి అందిస్తే పెదవి కదపడం లేదు. కాలు గిల్లినా కిక్కురుమనలేదు.

అంతే, ఆమెకు శాంతీ లేదు, పంతులూ లేడు. బిడ్డను ఎదకు హత్తుకుని నడి వీధిలో, చెప్పుల్లేని కాళ్ళతో, కుట్లు చిట్లినా సరేనని ఇంటి ముందుకు పోయి నిలబడింది. అమ్మ పెళ్ళికెళ్ళి ఇంట్లో లేదు. గోపీ ఒక్కడే ఉన్నాడు.

“గోపీ! బిడ్డ పోయేటట్టు ఉండాడురా! బండి తీ!”

వాడు బయటికి రావడమైతే వచ్చాడు. వచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. “అక్కా, గుడ్డ కప్పేయ్. బిడ్డకి గుడ్డ కప్పేయ్, తీస్తా” అన్నాడు. ఆమె తిట్టలేదు. తిట్టే తీరిక ఎక్కడిది? గుడ్డ కప్పింది. వాడు మోపెడ్ అద్దాన్ని ఆకాశంలోకి తిప్పి, తల బిగబట్టుకుని పుత్తూరు దాకా తోలాడు. దారి పొడవునా వాడి వీపు చూస్తూ కూర్చుంది చౌడేశ్వరి. ఈ వీపు మీద విభూతి రాసి జోకొట్టింది నేనే కదా అనుకుంది. అయినా తీసుకుపోతున్నాడు కదా, అంతవరకూ మేలేనని మనసుకు సర్దిచెప్పుకుంది. ఆ మాత్రం ఆశ అప్పటికి ఇంకా చావలేదు.

పిల్లల డాక్టరు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ఆమె గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది, గోపీ ఆమె పక్కనే అవతలికి తిరిగి నిలబడ్డాడు. ఎండలో వచ్చిన ఒళ్ళు, తిండి లేని ఒళ్ళు. ఉన్నట్టుండి కళ్ళు చీకట్లు కమ్మాయి. చేతుల్లో పట్టు సడలిపోతోందని ఆమెకే తెలుస్తోంది.

“గోపీ, బిడ్డని పట్టుకోరా! జారిపోతా ఉండాడు!”

వాడు చేయి చాస్తే అందే దూరం. వాడు ఇటు తిరిగాడు, తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. “ఎవురన్నా పట్టుకోండి! అమ్మా, ఎవురన్నా!” అని కళ్ళు మూసుకునే అరిచాడు.

ఎవరో ముసలామె, మనవడికి దగ్గు మందు కోసం వచ్చినామె, గభాల్న దూకి బిడ్డను పట్టుకుంది. నేలకు జానెడు దూరంలో పట్టుకుంది. “ఏమప్పా, మనిషివేనా నువ్వు? పక్కనే దున్నపోతులా నిలబడి ఉండావే!” అని గోపీని అందరి ముందూ దులిపేసింది. చౌడేశ్వరి నేల మీద కూలబడి తమ్ముణ్ణి చూసింది. వాడు ఇంకా కళ్ళు తెరవలేదు. ఆమెలో అప్పటిదాకా మండుతున్నదేదో ఆ క్షణంలో గడ్డకట్టింది.

కామెర్లు ముదిరాయని, ఇంకో పూట ఆగితే చేతులెత్తేయాల్సి వచ్చేదని డాక్టరు చీవాట్లు పెట్టాడు. బాలింతకు నీళ్ళివ్వని మొగోళ్ళెవరు, ఆడోళ్ళెవరు అని రామచంద్రను పిలిపించి మరీ కేకలేశాడు. బిడ్డను నీలం దీపాల కింద పడుకోబెట్టారు. ఆమె కడుపునిండా నీళ్ళు తాగింది. పాలు పడ్డాయి. బిడ్డ మళ్ళీ గుక్కపట్టి ఏడ్చిన రోజున ఆమె కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తమ్ముడి గురించి మాత్రం ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

బిడ్డ తేరుకునేదాకా ఆమె పుత్తూరు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఈలోగా శాంతి రోజు రానే వచ్చింది. చంద్రకాంతమ్మ కొత్త చీరా పూలూ పట్టుకుని పుత్తూరుకే వచ్చి పిలిచింది. “ఇంక అన్నీ తీరిపోతాయి మే. ఇంటికి రా, నీ గదిలో నువ్వుండు” అంది. చౌడేశ్వరి సరేనంది. కూతురికి కోపం దిగిందని తల్లి పొంగిపోయింది.

ఇంటి నడవలో ముగ్గు వేశారు. హోమం పొగకు కళ్ళు మండుతున్నాయి. వీధి వీధంతా వచ్చి కూర్చుంది. రామచంద్ర ఆసుపత్రి నుంచి తెచ్చిన సంచులు పక్కన పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. గోపీ తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని, తల వంచుకుని పీట మీద కూర్చున్నాడు. వాడి ముందు కంచు గిన్నెలో నువ్వుల నూనె. మేనమామ బిడ్డ నీడను ముందు ఆ నూనెలో చూస్తాడు, ఆ తర్వాతే మొహం చూస్తాడు. అంతటితో గండం పోయినట్టు.

“బిడ్డని గిన్నె మీదికి వంచమ్మా” అన్నాడు పంతులు.

చౌడేశ్వరి బిడ్డను భుజాన వేసుకుని అక్కడే నిలబడింది.

“గిన్నె తీసెయ్ సామీ. ఎవురికి సూపించేది?”

“ఇదేందమ్మా, మేనమామకే.”

“నా బిడ్డకి మేనమామ లేడు.”

మగ్గాలు ఆ పూట ఆపేసి ఉన్నాయి కాబట్టి ఆ మాట నడవ చివరిదాకా వినబడింది. చంద్రకాంతమ్మ నోరు బాదుకుంటూ లేచింది. “నీ నోట్లో మన్ను పడ! శుభమా అంటా పూజ జేస్తా ఉంటే ఏం మాటలే అయ్యి?”

“నువ్వు దేనికి బయపడినావో అదే జరిగిందిమా. నన్ను రేకుల కింద ఏసి మాడ్సినా వాడు దక్కలేదు నీకు. నా బిడ్డ సేతుల్లోంచి జారతా ఉంటే కండ్లు మూసుకోని నిలబడినాడే, మేనమామ ఆడ్నే పోయినాడు. ముక్కూ మొగం తెలీని ముసలామె పట్టుకునింది నా బిడ్డని. సూపించాల్సొస్తే ఆమెకి సూపిస్తా.”

గోపీ తలెత్తాడు. పంతులు వద్దు వద్దంటున్నా, తల్లి కళ్ళకు చేయి అడ్డం పెట్టబోతున్నా, నూనె గిన్నెను దాటి వాడు నేరుగా బిడ్డ మొహంలోకి చూశాడు. బిడ్డ మేలుకునే ఉన్నాడు.

“అక్కా...” అన్నాడు గోపీ.

“ఎవురప్పా నీకు అక్క?” అని చౌడేశ్వరి మొగుడి వైపు తిరిగింది. “లెయ్. రేణిగుంటకి పోదాం. మీయమ్మ తలుపు తీయకుంటే పగలగొడతా.”

రామచంద్ర సంచులెత్తుకుని ఆమె వెనకాలే బయటికి నడిచాడు.