ఉప్పునేల సాక్ష్యం

తోలుతిత్తి మూతిని పళ్లతో పట్టి లాగి తాడు బిగించింది జుమానా. నోట్లో మిగిలిన నాలుగు పళ్లూ ఈ పని కోసమే మిగిలినట్టున్నాయి. ఒక మోకాలు కాలువ మెట్టు మీద ఆనించి, తిత్తిని వీపు మీదికి దొర్లించుకుని, గోడ పట్టుకుని లేచింది. నీళ్ల బరువుకు మెడ నరాలు ఉబ్బాయి. సన్నటి నల్లటి మనిషి. ఎడమ చీలమండ చుట్టూ వెంట్రుక మొలవని నున్నటి మచ్చ. ఒకప్పుడు అక్కడ ఇనుప కడియం ఉండేది.

బస్రా జనం ఆమెను పుణ్యాత్మురాలంటారు. పసిబిడ్డలను తెచ్చి నుదుటి మీద ఊదమంటారు. ఆమె చూడనప్పుడు ఉన్ని దుప్పటి అంచు నుంచి పోగులు పీక్కుపోతారు. పావురాలు ఆమె అరచేతిలో గింజలు తింటాయని ఎవరో పుట్టించారు. "నా చేతిలో గింజలుంటే నేనే తింటాను," అందామె ఒకసారి. అది కూడా వినయం కిందే చెప్పుకున్నారు. ఆ మాటలో ఉన్నది కోపమని ఒక్కరికీ తోచలేదు. ఆ కోపాన్ని ఆమె నమాజులాగే వేళ తప్పకుండా నిలుపుకుంది. నుదురు నేలకు ఆనించి అందరూ స్వర్గం అడుగుతారు. ఆమె అడిగేది వేరు. "ప్రభూ, నువ్వు మరిచిపోవని నాకు తెలుసు. నన్నూ మరిచిపోనివ్వకు."

ఊరికి తూర్పున హమ్మాద్ అనే ఆసామి నేలలున్నాయి. పైన పేరుకున్న ఉప్పు పొరను గీకి కుప్పలు పోస్తే గాని కింద మట్టి కనిపించదు. ఆ పని సముద్రం అవతలి నుంచి తెచ్చిన బానిసలది. కుప్ప పూర్తయ్యేదాకా నీళ్లగదికి తాళం వేసి ఉంచడం హమ్మాద్ పద్ధతి. దాహమే మనిషి చేత పని చేయిస్తుందని అతని నమ్మకం. ఒక వేసవి మధ్యాహ్నం జుమానా భర్త మర్జూక్ తన కుప్ప పక్కనే కూలబడ్డాడు. నాలుక వాచి నోరు మూతపడలేదు. ఆమె నీళ్లగది తాళాన్ని గోళ్లతో గీకింది. అది ఊడలేదు, అతను లేవలేదు. ఆనాటి నుంచి పగటిపూట నీళ్లు ముట్టలేదు. ఊరు దాన్ని ఉపవాసమంది.

వేళ్లు వంకరపోయి పార పట్టలేని వయసు వచ్చాక హమ్మాద్ ఆమెను విడుదల చేశాడు. ముసలి గొడ్డుకు మేత దండగ. ఊరు దాన్నీ అతని పుణ్యంలోనే జమకట్టింది. అప్పటి నుంచి తిత్తులు కుట్టి బతుకుతూ, రోజూ ఎండ ముదిరే వేళకు ఒక తిత్తెడు నీళ్లు ఆ ఉప్పునేలకు మోస్తోంది. కాపలావాళ్లు ఆపరు. ఆమె నోట ఏ శాపం వస్తుందోనని వాళ్ల భయం.

కాలువ నుంచి ఇంటికి వస్తుంటే పక్కింటి సాలిమ్ తల్లి పిండి చేతులతోనే ఎదురు పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, విన్నావా? హమ్మాద్ పోయాడంట. తెల్లారకముందే."

జుమానా నడక ఆపలేదు.

"పాపం, చివర్లో బాగా మెత్తబడ్డాడంటున్నారు."

"మెత్తబడింది కాళ్లు. లేవలేకపోయాడు, అంతే."

"పోయినోణ్ణి అలా అనకూడదక్కా."

"చచ్చినవాడి కళ్లు చారడేసి. బతికున్నప్పుడు ఆ కళ్లకి ఎవరైనా ఆనారా?"

సాలిమ్ తల్లి నోరు నొక్కుకుంది, భయానికో, నవ్వు దాచుకోవడానికో. తర్వాత కళ్లతోనే ముందుకు చూపించింది.

జుమానా గుమ్మం ముందు హమ్మాద్ పెద్దకొడుకు ఉతైబా నిలబడి ఉన్నాడు. హడావిడిగా చుట్టిన తలపాగా కొస భుజం మీద వేలాడుతోంది. ఏడ్చిన కళ్లు. ఆ ఏడుపు నిజమైనదేనని ఆమెకు తెలుస్తూనే ఉంది. తిత్తిని లోపల నీడలో వేలాడదీసి వచ్చి, ఏమిటన్నట్టు చూసింది.

"అమ్మా, నాన్న శవం ముందు నమాజయ్యాక, దాన్ని చేయించే పెద్దాయన జనాన్ని అడుగుతాడు గదా, ఈ మనిషి ఎలాంటివాడని. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలి."

"ఊళ్లో నోళ్లు కరువయ్యాయా?"

"వాళ్లంతా మా ఉప్పు తిన్నోళ్లు. వాళ్ల మాట పైన నిలబడదు. నీ మాట నిలబడుతుంది."

"నేనూ మీ ఉప్పు తిన్నాను నాయనా. పారలకొద్దీ."

అతను తల దించుకున్నాడు. చనిపోయినవాడి గురించి నేల మీది జనం పలికిందే పైన చెల్లుతుందని బస్రాలో అందరి నమ్మకం. ఆమెదీ అదే నమ్మకం. అందుకే ఆ సాక్ష్యాన్ని ఇన్నేళ్లలో ఎవరికీ తేలిగ్గా ఇవ్వలేదు.

"ఊరికే అడగట్లేదమ్మా. మంచివాడని నువ్వు ఒక్క మాట అను. రేపటి నుంచి నీళ్లగదికి తాళం వెయ్యను. ఎవరికి దాహమైతే వాళ్లు తాగుతారు."

జుమానా అతని నడుముకు వేలాడుతున్న తాళంచెవి వైపు చూసింది.

"రేపెందుకు? ఇప్పుడే ఒకణ్ణి పంపి తీయించు."

"ఖననం ఆలస్యం చెయ్యకూడదు. మనుషులంతా ఆ పనిమీదే ఉన్నారు."

"శవానికి ఆలస్యం కూడదు. దాహానికి కూడునా?"

"రేపన్నాను గదా. నమ్మవా?"

"మీ నాన్నా రేపనేవాడు."

అయినా దుప్పటి తలమీదికి లాక్కుని అతని వెనకే నడిచింది. ఒక్క అబద్ధం. దానికి ఆ తెల్లటి నేల మీద వంగిన వీపులన్నిటికీ నీళ్లు. తిత్తిని మోయడం లేదా, ఈ అబద్ధాన్నీ మోసుకుని దేవుడి ముందుకు పోతాను అనుకుంది. మర్జూక్‌కు ఏం చెప్పుకోవాలో మాత్రం తోచలేదు.

శ్మశానంలో ఆడమనిషికేం పనని ఎవరో గొణిగారు. ఉతైబా చెయ్యెత్తగానే దారి ఇచ్చారు. నమాజు ముగిసింది. పెద్దాయన జనం వైపు తిరిగాడు.

"ఈ మనిషిని మీరెలా ఎరుగుదురు?"

"మంచివాడు," అన్న మొదటి గొంతును ఆమె గుర్తుపట్టింది. నాఫి, నీళ్లగది కాపలాదారు. ఒకప్పుడు మర్జూక్ పక్కన పార పట్టినవాడు. మర్జూక్‌ను కాళ్లు పట్టుకుని నీడకు ఈడ్చింది వాడే. తర్వాత వాడి చేతికి కర్ర వచ్చింది.

"మంచివాడు, మంచివాడు," అన్నారు అందరూ. మాట వరసల వెంట పాకుతూ ఆమె దాకా వచ్చి ఆగింది. పెద్దాయన ఆమె వైపు చూశాడు. ఉతైబా కూడా చూశాడు.

మాట నాలుక మీదే ఉంది. నాలుక కదల్లేదు. నోటి నిండా వాచిపోయినట్టనిపించింది. చివరికి కదిలినప్పుడు వేరే మాట వచ్చింది.

"ఇతను నీళ్లకి తాళం వేశాడు. నా మొగుణ్ణి దాహంతో చంపాడు. ఇంకా చాలామందిని చంపాడు. నేను కళ్లారా చూశాను. నాఫీ, నువ్వూ చూశావు. దేవుడి మొహం మీద అబద్ధాలాడకండి."

గొంతు పెంచలేదు. చివరి వరుస దాకా వినిపించింది. హమ్మాద్ ఇంటివాళ్లు మీదికొచ్చారు. ఎవరో భుజం పట్టి నెట్టారు. తవ్విపోసిన మట్టి మీద చేతులానించి పడి, తనే లేచింది. ఉతైబా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"అయిపోయిందమ్మా. నీ ఒక్క మాటతో వాళ్ల నీళ్లు పోయాయి."

"తాళంచెవి నీ నడుముకుంది. దాన్ని నా నోటికి కట్టకు."

ఇంటికొచ్చేసరికి సాలిమ్ తల్లి గుమ్మంలోనే కూర్చుని ఉంది. సంగతి ఆమెకు ముందే చేరింది. ఏదో అనబోయి కిందికి చూసింది.

"ఒక కాలికి చెప్పేదక్కా?"

జుమానా తన పాదాన్ని అప్పుడే చూసినట్టు చూసుకుంది.

"నా జోడు తెస్తానుండు."

"వేళ దాటుతోంది," అని తిత్తి దించుకుని వీపుకెత్తుకుంది.

ఉప్పునేల అంచుకు చేరేసరికి మడమ పగుళ్లలోకి ఉప్పు దిగి మండుతోంది. నాఫి కర్ర అడ్డం పెట్టాడు.

"పంపొద్దన్నారు పెద్దమ్మా. నా చేతుల్లో లేదు."

"కర్ర నీ చేతుల్లోనే ఉందిరా."

"అందరి ముందు నా పేరెత్తావు. నా పొట్ట కొట్టడానికా?"

"చూశావా, లేదా?"

నాఫి మొహం తిప్పుకున్నాడు. ఆమె అక్కడే కూలబడి తిత్తికి వీపు ఆనించింది. దూరంగా వంగిన వీపుల్లో ఒకటి నిటారై ఇటు చూసింది. ఆమె చెయ్యెత్తింది. చూసినవాడి మీద కొరడా పడింది. వీపు మళ్లీ వంగింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. రోజూ అడిగేదే అడుగుతోంది. ఎండ ఉప్పు మీద పడి పైకి కొడుతోంది.

"ఇంటికి పో పెద్దమ్మా," అన్నాడు నాఫి కాసేపటికి.

"నీళ్లు లోపలికి పోతే పోతాను."

పొద్దు వాలింది. ఊరి వైపు నుంచి అజాన్ సన్నగా వినిపించింది.

"వేళయింది. ఒక గుక్క తాగు," అన్నాడు నాఫి. జవాబు రాలేదు. వంగి చూశాడు. గడ్డం గుండె మీదికి వాలి ఉంది. సగం తెరిచిన కళ్లు ఉప్పునేల వైపే ఉన్నాయి. ఇంకోసారి పిలిచాడు. కర్ర పక్కన పెట్టి, తాడు చుట్టూ బిగుసుకున్న వంకర వేళ్లను ఒక్కొక్కటిగా విప్పాడు. తిత్తిని వీపుకెత్తుకుని ఉప్పు మీదికి నడిచాడు.

"అవ్వేదీ?" అన్నాడు మొదట తాగినవాడు.

"తాగు ముందు," అన్నాడు నాఫి.

మర్నాడూ నీళ్లగదికి ఎప్పటిలాగే తాళం పడింది. నాఫి చేతిలో కర్ర పోయి పార వచ్చింది. జుమానాను పేదల వరసలో, మర్జూక్ ఉన్న వైపు పూడ్చారు. పెద్దాయన జనాన్ని అడగవలసిన మాట అడిగాడు. అందరి కంటే ముందు సాలిమ్ తల్లి, ఆడవాళ్లు నిలబడిన గోడ అవతలి నుంచి, "ఆమె అబద్ధమాడలేదు," అంది.

హమ్మాద్ సమాధి మీద కొడుకులు పన్నీరు చల్లించారు. ఊడ్చేవాడు వచ్చి చుట్టూ శుభ్రం చేశాడు. ఒక్క చోట మాత్రం చీపురు పక్కకు తప్పించాడు. అక్కడ కొత్త మట్టి అంచున, మడమ దగ్గర అరిగి, తిత్తులు కుట్టే దారంతోనే పట్టీ కుట్టిన పాత తోలుచెప్పు ఒకటి, ముక్కు సమాధి వైపుగా పడి ఉంది.