ఎలీసమ్మ టీచరు ఎంచుకున్న సముద్రం

ప్రార్థన బెల్లు కొట్టకముందే ఎలీసమ్మ టీచరు చేసే మొదటి పని, ఏడో తరగతి గదిలో ప్రపంచపటం కింద నిండిన బకెట్టు తీసుకెళ్ళి రోడ్డు పక్క కాలవలో పారబోయడం. ఉప్పునీళ్ళు కదా, చెట్లకి పోయకూడదు. తర్వాత పాత తువ్వాలుతో అంటార్కిటికా అంచు తుడిచి, బకెట్టు మళ్ళీ అక్కడే పెట్టి, చేతులు కడుక్కుని, హాజరు పట్టీ తీసేది.

పెదవాగుపాడు హైస్కూల్లో ఆ పటం ఆమె కంటే ముందునుంచీ ఉంది. అందులో నేలలు పొడిగా ఉంటాయి, సముద్రాలు తడిగా ఉంటాయి. వానాకాలంలో బంగాళాఖాతం కాస్త ఎక్కువ కారుతుంది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ‘పటం కారుచున్నది, రిజిస్టర్లు దూరముగా ఉంచవలెను’ అని రాసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళిపోయాడు.

సముద్రాల పాఠం వచ్చిన రోజు ఎలీసమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి వేలు ముంచమనేది. మృత సముద్రం నాకినవాళ్ళు మొహం చిట్లించేవాళ్ళు. కృష్ణానది సముద్రంలో కలిసే చోట వేలికి ఒండ్రు అంటేది. ఏప్రిల్ ఎండల్లో ఆర్కిటిక్ దగ్గర పెద్ద లైను కట్టేవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు అలా ఊళ్ళో సగంమందికి సముద్రం రుచి చూపించింది గాని, తను మాత్రం కొత్తపట్నం ఒడ్డున, చర్చివాళ్ళతో వెళ్ళినప్పుడు, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని మోకాళ్ళ వరకే దిగింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయారు.

రిటైర్మెంటు ఇంకో ఏడాదిలోకి వచ్చినప్పుడు స్టాఫు రూములో అడిగారు, ‘‘మీకు శాలువా ఇష్టమా, వెండి కుందులా?’’ అని.

‘‘నాకు సముద్రం అడుగుకి వెళ్ళాలనుంది’’ అంది ఎలీసమ్మ.

అన్నాక తనే ఆశ్చర్యపోయింది. ఆ మాట అంతకాలం లోపల ఎక్కడ కూర్చుందో ఆమెకే తెలీదు. మిగతావాళ్ళు నవ్వి, శాలువాకే ఖాయం చేసుకున్నారు. నవ్వనిది ఒక్క ఖుర్షిదానే. బళ్ళో మధ్యాహ్న భోజనం వండే మనిషి. గుడ్ల ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నది.

‘‘ఈత వచ్చా టీచరమ్మా?’’

‘‘రాదు.’’

‘‘మరి అడుగుకి పోతే పోతారు. పైకి ఎట్టా వస్తారు?’’

‘‘నువ్వు నేర్పవా?’’

ఖుర్షిదా కనిగిరి వైపు బావులు తవ్వేవాళ్ళ ఇంట పుట్టిన పిల్ల. నడక కంటే ముందు ఈత వచ్చిందని చెప్పుకునేది. మే నెలలో, మిరప చెట్లు పీకేసి ఖాళీ అయిన చేలో, యలమందయ్య బావిలో ఇద్దరూ దిగారు. అరవై ఏళ్ళు దాటాక ఎలీసమ్మ మొదటిసారి పంజాబీ డ్రస్సు వేసుకుంది. నడుముకి రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టుకుంది. మొదటివారం మింగిన నీళ్ళకి ఆమెకి ఆకలే వేయలేదు. మునిగినప్పుడల్లా ఖుర్షిదా జబ్బ పట్టుకుని ఒక్క లాగుతో మెట్టు మీదికి తెచ్చేది.

‘‘నీళ్ళతో కొట్లాడబాకండి టీచరమ్మా. వాటికి మీకంటే ఓపిక ఎక్కువ.’’

జూన్‌లో బళ్ళు తెరిచేనాటికి డబ్బాలు ఊడదీశారు. దసరా సెలవుల్లో ఎలీసమ్మ ఒక్కతే విశాఖపట్నం వెళ్ళి, వీపుకి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళకింద ఊపిరి తీయడం నేర్చుకుని, పరీక్ష పాసై కార్డు తెచ్చుకుంది. గుంటూరు డాక్టరు గుండె పరీక్ష కాగితం రెండుసార్లు చూసి, ఇది ఎవరిదని అడిగి, ఆమెదే అని తెలిశాక సంతకం పెట్టాడు.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్నది తేలాలి. ఒంగోలులో గఫూర్ అని ఆమె పాత విద్యార్థి ట్రావెల్స్ నడుపుతాడు. మక్కాకి ఉమ్రా యాత్రలు, బస్సు టికెట్లు అతని వ్యాపారం. టీచరు ఫోను చేసేసరికి మూడు రంగురంగుల పుస్తకాలు సంపాదించి, ఒక శనివారం బళ్ళోకే వచ్చాడు.

‘‘వీటిని లివ్‌అబోర్డ్ అంటారంట టీచర్. పడవే లాడ్జి. అందులోనే తిని, అందులోనే పడుకుని, రోజుకి మూడుసార్లు మునగడం. ఒకటోది అండమాన్ దాటాక, అగ్నిపర్వతం ఉన్న దీవి. రెండోది మాల్దీవులు. అందరూ వెళ్ళేది. పెద్ద పడవ, ముప్పైమంది, ఫోటోలు కూడా వాళ్ళే తీస్తారు.’’

‘‘మూడోది?’’

‘‘అది ఊరికే తెచ్చాను. మాల్దీవులకే దక్షిణం కొస. పాత చెక్క పడవ. పదిమందే ఉంటారు. ఫోనుకి సిగ్నల్ కూడా ఉండదు. మీకు వద్దులెండి.’’

‘‘ఫిబ్రవరిలో అక్కడ గాలి ఎటునుంచి వీస్తుంది?’’

గఫూర్‌కి చెమట పట్టింది. భూగోళంలో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. ఎలీసమ్మ ఒక పుస్తకం అట్ట వెనక ప్రశ్నలు రాసి ఇచ్చింది. కొత్తవాళ్ళని ఎవరు చూసుకుంటారు, ఒక్కో గైడుకి ఎంతమంది, ఆక్సిజన్ ఉంటుందా, ఆసుపత్రి ఎన్ని గంటల దూరం. అతను అక్కడే పిల్లల బెంచీ మీద కూర్చుని మూడు పడవలవాళ్ళకీ మెసేజీలు పెట్టాడు. పెద్ద పడవవాళ్ళు ఫోటోల ప్యాకేజీ గురించి జవాబిచ్చారు. అండమాన్ వాళ్ళు యాభైసార్లు మునిగినవాళ్ళనే తీసుకుంటామన్నారు. చెక్క పడవవాళ్ళు ప్రతి ప్రశ్నకీ విడిగా జవాబు రాశారు. కొత్తవాళ్ళు ఇద్దరికి ఒక గైడు. లోపలి పగడపు దిబ్బల దగ్గరే. ఆసుపత్రి ఆరు గంటలు. అబద్ధం చెప్పము.

‘‘చివరి మాట బాగుంది’’ అంది ఎలీసమ్మ. లేచి పటం దగ్గరికి వెళ్ళింది.

అండమాన్ పక్కన వేలు ముంచింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. వేలు తీస్తే గోటికింద సన్నటి బూడిద. మాల్దీవుల నడిమధ్యన ముంచింది. డీజిలు వాసన, ఒంటికి రాసుకునే క్రీముల వాసన. తర్వాత కిందికి జరిగి, తను ముప్పై ఒక్క ఏళ్ళుగా బోర్డు మీద ఎర్ర సుద్దతో గీస్తున్న భూమధ్యరేఖ దగ్గర, దానికి కాస్త కింద, వేలు ముంచి ఉంచింది. చాలాసేపు ఏమీ కాలేదు. ఉన్నట్టుండి ‘‘అబ్బా!’’ అని చెయ్యి లాక్కుంది.

‘‘ఏమైంది టీచర్?’’

‘‘చేప కొరికింది’’ అని నవ్వింది ఎలీసమ్మ. ‘‘ఇదేరా గఫూరూ. దీనికే నా పేరు రాయి.’’

చీరాలలో ఉండే అన్నయ్య ప్రభుకి ఈ సంగతి క్రిస్మస్ భోజనాల దగ్గర తెలిసింది. ఆయన చర్చి పెద్ద. అదే ఫిబ్రవరిలో చర్చివాళ్ళతో పరిశుద్ధ దేశ యాత్రకి చెల్లెలి పేరు ఎప్పుడో ఇచ్చేశాడు. ఆమెకి పాస్‌పోర్టు తీయించింది కూడా అందుకే.

‘‘యోర్దాను నదిలో మునిగితే చాలదా నీకు?’’

‘‘అక్కడ ముంచి వెంటనే లేపేస్తారు అన్నయ్యా. నాకు ముప్పావుగంట ఉండాలని ఉంది.’’

‘‘ఎగతాళా? నీకేమన్నా అయితే మనిషి కూడా దొరకదు. సమాధి దగ్గర పువ్వులు పెట్టుకునే యోగం కూడా లేకుండా చేస్తావా మాకు?’’

ఎలీసమ్మ పళ్ళెంలో చెయ్యి కడుక్కుంది. ఆమె గొంతు తరగతిలో మాదిరిగానే నిదానంగా ఉంది. ‘‘ఎరూషలేముకి వచ్చే ఏడు నీతో వస్తాను. ఇది మాత్రం నేను ఎంచుకున్నది. నా బతుకులో ఉద్యోగం నాన్న ఎంచాడు, ఊరు గవర్నమెంటు ఎంచింది. ఒక్క సముద్రాన్నన్నా నన్ను ఎంచుకోనీ.’’

ప్రభు నెలరోజులు మాట్లాడలేదు. జనవరి ఆఖరున శాలువా కప్పినప్పుడూ రాలేదు. కాని ఆమె మద్రాసు రైలు ఎక్కిన రోజు చీరాల స్టేషన్లో గోంగూర పచ్చడి సీసాతో నిలబడి ఉన్నాడు. కిటికీ ఊచలు పట్టుకుని, రైలు కదిలేదాకా గట్టిగా ప్రార్థన చేశాడు. సముద్రంలో ఉండే జంతువుల పేర్లు తనకి తెలిసినన్ని చెప్పి, ఒక్కొక్కదాన్నుంచీ కాపాడమన్నాడు. వాటిలో హిప్పో కూడా ఉంది. ఎలీసమ్మ సరిదిద్దలేదు. కళ్ళు తుడుచుకుని ఆమెన్ అంది.

అంతకుముందు రోజే బడికి వెళ్ళి పటం బాధ్యత ఖుర్షిదాకి అప్పగించి వచ్చింది. ‘‘మధ్యాహ్నం వడ్డనకి ముందు ఒకసారి బకెట్టు చూడు, మర్చిపోకు’’ అని.

మద్రాసులో విమానం ఎక్కి మాల్దీవుల్లో దిగాక, పడవ మూడు రోజులు దక్షిణానికి నడిచింది. దీవులు తగ్గుతూ వచ్చాయి. నాలుగోరోజు పొద్దున, ఇడ్లీలు లేని ఫలహారం అయ్యాక, కెప్టెన్ హారన్ మోగించి భూమధ్యరేఖ వచ్చిందన్నాడు. మిగతావాళ్ళు ఫోన్లు పైకెత్తారు. ఎలీసమ్మ సంచీలోంచి ఎర్ర సుద్దముక్క తీసి, ఒంగి, డెక్కు చెక్కల మీద అడ్డంగా గీత గీసి, ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి నిలబడింది. పడవలో వంటవాడు మొదలు అందరూ వరసగా వచ్చి ఆ గీత మీద నిలబడి, ఆమెకి చెయ్యిచ్చి వెళ్ళారు.

మర్నాడు పదకొండు గంటలకి గైడు హయాత్‌తో కలిసి దిగింది. హయాత్ ఆ దీవులవాడు, తక్కువ మాట్లాడే మనిషి. పన్నెండు మీటర్ల లోతున పగడపు దిబ్బ అంచు వెంట వెళుతున్నారు. కలంకారీ బట్ట పరిచినట్టున్న చేపలు. ఒక తాబేలు ఆమెని చూసి, చూడనట్టు గడ్డి తింటూనే ఉంది. ఎలీసమ్మ దాని దగ్గర కాస్త ఆగింది. ఆ కాస్తలోనే సముద్రపు పోటు వెనక్కి తిరిగింది.

మొదట కాళ్ళకి తెలిసింది. ఎవరో వెనకనుంచి తోసినట్టు నీళ్ళు ఒక్కసారిగా బయటికి ప్రవహించడం మొదలెట్టాయి. దిబ్బ చేతికి అందకుండా జారిపోయింది. హయాత్ తల తిప్పేసరికే ఆమె ఇరవై గజాల అవతల ఉంది. కింద నేల లేదు. చుట్టూ నీలం తప్ప ఏమీ లేదు. ఎదురు ఈదకూడదని తెలుసు, తెలిసీ ఈదింది. ఊపిరి గబగబా లాగింది. సిలిండరులో గాలి చూపే ముల్లు ఆమె చూస్తుండగానే తగ్గుతోంది. అన్నయ్య అన్నమాట గుర్తొచ్చింది. ఎంచుకున్నాను, అనుకుంది. ఎంచుకున్నందుకు విచారం మాత్రం రాలేదు. అది ఆ భయంలో కూడా ఆమెకి తెలిసింది.

అప్పుడు నీలంలోంచి ఒక చెయ్యి దిగింది.

మోచెయ్యి వరకే ఉంది. ఆకుపచ్చ గాజులు. మణికట్టు మీద పప్పు గిన్నె తగిలి కాలిన మచ్చ. వేళ్ళ సందుల్లో పసుపు. ఆ చెయ్యి నీళ్ళలో అటూ ఇటూ తడిమి, ఎలీసమ్మ జబ్బ దొరకగానే బిగించి పట్టుకుని, ఒక్క లాగు లాగింది. గాజులు రెండు పగిలి ముక్కలు ప్రవాహంలో కొట్టుకుపోయాయి. పట్టు వదల్లేదు. దిబ్బ వెనక, నీళ్ళు నిలకడగా ఉన్న గూడులాంటి చోట ఆమెని కూర్చోబెట్టి, రాయి పట్టుకుందని తెలిశాక, చెయ్యి పైకి వెళ్ళిపోయింది.

హయాత్ చేరుకుని, బాగున్నారా అని వేళ్ళతో సున్నా చుట్టి అడిగాడు. ఆమె కూడా సున్నా చుట్టింది. ఇద్దరూ మెల్లగా, మధ్యలో ఆగాల్సిన చోట ఆగి, పైకి వచ్చారు. పడవ ఎక్కి మాస్కు తీశాక అతను అడిగాడు.

‘‘ఆ చెయ్యి మీవాళ్ళదా?’’

‘‘మా ఖుర్షిదాది.’’

‘‘మంచి పట్టు’’ అన్నాడు హయాత్. మాస్కులో నీళ్ళు దులిపి, ‘‘తప్పు నాది. నేను ముందు వెనక్కి చూసి ఉండాల్సింది. మధ్యాహ్నం మీరు పైనే ఉంటారా?’’

‘‘ఎందుకుంటాను?’’ అంది ఎలీసమ్మ.

ఆ మధ్యాహ్నం దిగింది. మర్నాడు మూడుసార్లు దిగింది. ఆఖరురోజు దుప్పటంత రెక్కలున్న టేకు చేప ఒకటి ఆమె తల మీదుగా నీడ పరుచుకుంటూ వెళ్ళింది. ఆమె వెల్లకిలా తిరిగి, అది కనుమరుగయ్యేదాకా చూసింది. ఒడ్డుకి వచ్చాక కెప్టెన్ ఆమె మునకల లెక్క పుస్తకంలో ముద్ర వేశాడు. పద్నాలుగుసార్లు.

ఊళ్ళో దిగేసరికి కళ్ళాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి రెండు తుమ్ములు తుమ్మి, ఇంటికి పోకుండా తిన్నగా బడికి వెళ్ళింది. వంటగదిలో ఖుర్షిదా పప్పు ఎనుపుతోంది. ఎలీసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది.

‘‘బకెట్టు మార్చడానికి పోతే పటం నడిమి గీత దగ్గర నీళ్ళు సుడి తిరుగుతున్నాయి’’ అంది ఖుర్షిదా. ‘‘మీరే అయ్యుంటారని చెయ్యి పెట్టా. తర్వాత వచ్చి అదే చేత్తో పప్పు కలిపా, ఆ పూట ఉప్పు వెయ్యక్కర్లేకపోయింది.’’ గరిటె పక్కన పెట్టి, ఎవరూ వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించింది. ‘‘లోపల అంత వెచ్చగా ఉంటదని నాకెందుకు చెప్పలేదు టీచరమ్మా? ఏదో మెత్తటిది వచ్చి అరచెయ్యి రాసుకుంటా పోయింది. ఆ రోజు నించీ నాకు ఇక్కడ వంట మీద మనసు లేదు.’’

‘‘పీరు ఏమంటాడు?’’

‘‘మా ఆయనా? ఏమంటాడు. వారంరోజులు వండుకోడం నేర్చుకుంటాడు.’’

వేసవి గడిచింది. ఖుర్షిదా కూడా విశాఖపట్నం వెళ్ళి కార్డు తెచ్చుకునేలా ఎలీసమ్మ ఏర్పాటు చేసింది. ఈతలో అక్కడి మాస్టారే ఆమె కంటే వెనకబడ్డాడని చెప్పుకున్నారు. తర్వాత ఒక ఆదివారం గఫూర్ చెక్క పడవవాళ్ళ ఫారాలు రెండు పట్టుకుని వచ్చాడు. ఎలీసమ్మ తనది నింపి, ఖుర్షిదాది ముందుకి లాక్కుంది. పేరు, వయసు, ఊరు రాసింది. ‘గతంలో ఈ ప్రాంతంలో మునిగిన అనుభవం’ అన్న గడి దగ్గర కలం ఆగింది.

‘‘లేదని రాసెయ్యమంటారా టీచర్?’’ అన్నాడు గఫూర్.

ఖుర్షిదాకి కోపం వచ్చింది. ‘‘లేదేంది? ఉన్నది ఉన్నట్టు రాయండి టీచరమ్మా.’’

ఎలీసమ్మ గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘ఒకసారి. మోచేతి దాకా.’