తాళంచెవి పట్టే చెయ్యి

పర్వీన్ చెయ్యి మణికట్టు దాకా ఉబ్బి తోలు ఊడిపోయింది. ఆసుపత్రి మరుగుదొడ్లు కడిగే యాసిడ్ ఒలికింది. చేతితొడుగులు చిరిగి నెలైనా కాంట్రాక్టరు కొత్తవి ఇవ్వలేదు.

"డాక్టరుకి చూపించాల భాయ్," అంది పర్వీన్, డ్యూటీ బస్సు దిగుతూనే.

క్యాంపు బాస్ ఇష్తియాక్ ఫోనులోంచి తలెత్తలేదు. "నీ ఇఖామా తేదీ దాటింది. అది లేకుండా ఏ డాక్టరూ చూడడు. బయటికెళితే పోలీసులు పట్టుకుంటారు. లోపలికి నడు. రత్తమ్మా, తాలా లగావ్."

ఈ దేశంలో ఉండనిచ్చే ఆ ఇఖామా కార్డును పొడిగించాల్సింది కాంట్రాక్టరే. రత్తమ్మ గ్రిల్లు మూసి తాళం వేసింది.

రియాద్ శివారులోని ఆ క్యాంపులో అరవై ముగ్గురు ఆడవాళ్ళు, భాషకో గది. తాళంచెవి మాత్రం రత్తమ్మ మెడలో. బస్సు రాగానే తలలు లెక్కపెట్టి, తనూ లోపలే ఉండి గ్రిల్లుకి తాళం వెయ్యడం ఆమె పని. తాళంచెవి ఇచ్చిన రోజు అమలాపురం ఇంటికి ఫోన్ చేసి, "నన్ను లీడర్ని చేశారు" అని గొప్పగా చెప్పుకుంది. అప్పట్నుంచీ ఆమె వస్తే వంటగదిలో మాటలు ఆగిపోతున్నాయి. ఆమె మంచం మీద ఎవరూ కూర్చోరు. తన టీ తనే కాచుకుని ఒక్కతే తాగుతుంది. ఇంటికెళ్ళి ఆరేళ్ళు. కూతురికి పుట్టిన పిల్లను ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఈ నెల్లో దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం ఇప్పిస్తానని ఇష్తియాక్ మాటిచ్చాడు. ఆ కాగితం కోసమే అన్నీ దిగమింగుకుంది.

మర్నాడు పర్వీన్, రత్తమ్మ ఆసుపత్రి వార్డు కడుగుతుంటే, నోరైనీ అనే మలేషియా నర్సు పర్వీన్ చెయ్యి చూసింది. తలుపు దగ్గరికేసి, కట్టు కడుతూ, తనకొచ్చిన హిందీలో అడిగింది.

"నిన్ననే డాక్టరు దగ్గరికి ఎందుకెళ్ళలేదు?"

"తాళం ఏస్తారు."

"ఎవరు?"

రత్తమ్మే చెప్పింది. "నేనే."

నోరైనీ కోప్పడలేదు. కట్టు చుడుతూనే, "మీది మద్రాసు వైపా?" అంది.

"ఆ పక్కే అనుకో."

"మాది మలక్కా దగ్గర నానింగ్. రెండొందలేళ్ళ కిందట దోల్ సయ్యిద్ అని మా పెద్ద ఉండేవాడు. ఇంగ్లీషు కుంపిణీ వచ్చి పంటలో పదోవంతు కట్టమంటే, ఈ నేల మీదెప్పుడైంది, కట్టం అన్నాడు. సైన్యం వచ్చింది. మావాళ్ళు చెట్లు నరికి దారికి అడ్డం పడేశారు. కుంపిణీవాళ్ళు ఫిరంగులు వదిలేసి పోయారు. మరుసటేడు పెద్ద దండుతో వచ్చి గెలిచారు." కట్టు ముడి వేసింది. "ఆ సిపాయిలు మద్రాసువాళ్ళు. వాళ్ళకి మా మీద పగేం లేదని మా నాయనమ్మ అనేది. పగ కుంపిణీది. తుపాకీ మోసింది వాళ్ళు. అడవి జ్వరాలకి పోయిందీ వాళ్ళే. వాళ్ళ పేర్లు మా ఊళ్ళో ఎవరికీ తెలీవు."

తిరుగు బస్సులో రత్తమ్మ కిటికీలోకి చూస్తూ కూర్చుంది. ఆ సిపాయిల్లో గోదావరివాడు ఒకడైనా ఉండే ఉంటాడు. తుపాకీ ఇచ్చారని ఇంటికి కబురు పెట్టుకునే ఉంటాడు.

ఆ మధ్యాహ్నం ఆమె తాళం వెయ్యలేదు. గ్రిల్లు ముందు, ఎండలోనే నిలబడింది.

"ఏంది లీడరమ్మా, మరిసినవా? నీ బాస్ కోపానికస్తడు," అంది కోరుట్ల ముత్యవ్వ.

"మర్చిపోలేదు. పర్వీన్ని డాక్టరుకి చూపించేదాకా ఎవ్వరం లోపలికెళ్ళొద్దు."

"ఇయ్యాల తెలివచ్చిందా? మొన్న మా అవ్వ సచ్చిపోయిందని ఫోన్ల చెప్తె, బయట కూసోని ఏడుస్తనన్న. తీసినవా తాళం?"

"తియ్యలేదు."

"రేపు నీ కాయితం నీ చేతికస్తె?"

"రాదింక. తెలిసే నిలబడ్డాను."

పర్వీన్ కట్టుకట్టిన చెయ్యి ఎత్తింది. "ఇడిసిపెట్టక్కా. మనం మనం కొట్లాడుకుంటాంటే వాడికి పండగే." ముందు ఆమే నేల మీద కూర్చుంది. ముత్యవ్వ గొణుక్కుంటూ కూర్చుంది. నేపాలీ గది కూర్చుంది. ఇండోనేషియా గది కూర్చుంది.

ఇష్తియాక్ కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "ఇదిగో నీ ఎగ్జిట్. తాళం వెయ్యి, తీసుకో."

కాగితం మీద తన ఫోటో ఉంది. రత్తమ్మ దాన్ని చూడాల్సినంతసేపు చూసింది. మెడలో తాడు తీసి, తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "నువ్వే వేసుకో భాయ్."

అతను నవ్వి తాళంచెవి ముత్యవ్వ వైపు చాపాడు. "ఇవాళ్టినుంచి నువ్వు లీడర్."

ముత్యవ్వ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. నేపాలీ పిల్ల తల తిప్పుకుంది. వరస వెంబడి వెళ్ళాడు. అరవై ముగ్గురిలో ఒక్క చెయ్యీ లేవలేదు. అతని నవ్వు పోయింది. పోలీసులకు ఫోన్ చేశాడు.

వచ్చిన అధికారి పర్వీన్ చెయ్యి చూసి ముందు అంబులెన్స్ పిలిచాడు. తర్వాత, దీనికంతటికీ ఎవరు పెద్ద అని అడిగాడు. ఇష్తియాక్ రత్తమ్మను చూపించాడు.

రత్తమ్మ ఒక్కతే పోలీసు వ్యాను ఎక్కింది. ఇనప బల్ల కాలిపోతోంది. ఇక ఏ ఊరికి, ఏ కాగితం మీద పంపుతారో.

వ్యాను ఊగింది. "జరుగు జర," అంటూ ముత్యవ్వ ఎక్కింది.

"నువ్వెందుకే?"

"నువ్వొక్కదానివే పోతె మా తలకాయలు లెక్కవెట్టేదెవలు?"

ఆమె వెనక నేపాలీ పిల్ల, ఆ వెనక ఇద్దరు ఇండోనేషియా ఆడవాళ్ళు ఎక్కారు. పోలీసు "ఖలాస్, ఖలాస్" అని చెయ్యి అడ్డంపెట్టాడు. ఆ చేతి కిందనుంచి మరొకామె దూరింది. అతను వ్యాను లోపలికి చూసి, బయట మెట్టు దగ్గర కట్టిన వరసను చూసి, ఫోను తీసి ఇంకో బండి పంపమన్నాడు.