మూడో మెమో

దీప్తికి రూల్స్ రాయడమంటే మహా సరదా. సత్తెనపల్లిలో మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల కోసం పనిచేసే ఓ చిన్న సంస్థలో ఆమె అడ్మిన్ ఆఫీసరు. ఉద్యోగులకు నియమావళి ఉండాల్సిందేనని నిధులిచ్చేవాళ్ళు పట్టుబట్టేసరికి, పదిహేను రోజులు కూర్చుని నలభై పేజీలు తయారుచేసింది. ఎవరితో ఎలా మాట్లాడాలి, ఫిర్యాదు ఎవరికివ్వాలి, అన్నీ అందులో ఉన్నాయి. హాజరు గురించిన పేజీ మాత్రం ఒక్క మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆ సంగతి ఆ మనిషికి తప్ప ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ మనిషి మస్తాన్‌బీ. ఆఫీసు ఊడ్చి, తుడిచి, టీ కాచిస్తుంది. యాభై దాటాయి. నెలకు మూడు నాలుగు రోజులు చెప్పాపెట్టకుండా మానేస్తుంది. అడిగితే ఒంట్లో బాలేదంటుంది, అంతకుమించి నోరు విప్పదు. దీప్తి ఇప్పటికే రెండు మెమోలిచ్చింది. మూడోది ఇస్తే ఉద్యోగం పోయినట్టే. నిన్న మళ్ళీ రాలేదు. మూడో మెమో రాసి టేబుల్ మీద పెట్టుకుంది.

అయితే తీసేసే ముందు ఉద్యోగిని కూర్చోబెట్టి, ఒక సాక్షి ఎదుట కారణం అడగాలని దీప్తే రాసింది. చదవడానికి పెద్దమనిషి తరహాగా ఉంటుందని రాసిందే తప్ప, నిజంగా అడగాల్సి వస్తుందనుకోలేదు. చేసేదేముంది, సర్వేలు చేసే సిద్దికాను సాక్షిగా పిలిచి, జవాబులు రాయమని ఓ ఫారం చేతికిచ్చింది.

“కూర్చో మస్తాన్‌బీ,” అంది దీప్తి.

ఆవిడ కూర్చోలేదు. సిద్దికా కుర్చీ జరిపి, “కూర్చో ఖాలా,” అంటే అంచున ఆనుకుంది.

“నిన్న ఎందుకు రాలేదు?”

“ఒంట్లో బాలేదమ్మా.”

“ఏం బాలేదు? ప్రతిసారీ ఇదే మాటంటే నన్నేం రాసుకోమంటావు?”

మస్తాన్‌బీ కొంగు సర్దుకుని గొంతు తగ్గించింది. “ఒంటేలుకి పోతే మంటమ్మా. జొరం గూడా వచ్చుద్ది. బిళ్ళలేసుకుంటే తగ్గుద్ది, మళ్ళా వచ్చుద్ది. నీళ్ళు బాగా తాగు, ఆపుకోమాక అంటది డాక్టరమ్మ.”

“మరి తాగొచ్చుగా!”

“తాగితే యాడికి పోయేదమ్మా? పొద్దున ఎనిమిదింటికొస్తే ఇంటికి పోయేసరికి ఆరైద్ది. అందుకే ఇక్కడున్నంతసేపు నీళ్ళు ముట్టను.”

“ఇక్కడ బాత్‌రూమ్ లేదా?” అనేసింది దీప్తి.

మస్తాన్‌బీ తల వంచుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది దీప్తికి. మూడేళ్ళ కిందట, కొత్తగా టైల్స్ వేయించిన రోజుల్లో, మస్తాన్‌బీ ఆ బాత్‌రూమ్‌లోంచి బయటికొస్తుంటే ఎదురుపడి ముక్కు చిట్లించింది. “కడిగేటప్పుడు తప్ప ఇందులోకి రాకు. ఇల్లు దగ్గరేగా, వెళ్ళి రా,” అంది. తాళం తన డ్రాయర్లో పెట్టుకుంది. పాపం ఆవిడ ఇంటికే వెళ్ళి వస్తుంటే, వారం తిరక్కుండానే “పని వేళల్లో ఇంటికేంటి?” అని కసురుకుంది కూడా. రెండు మాటలూ తనవే. రెండూ శుభ్రంగా మరిచిపోయింది.

పోయినేడు కోల్డ్ స్టోరేజీల దగ్గర నూట నలభై మంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి, మరుగుదొడ్డి లేక ఎన్ని గంటలు ఆపుకుంటారని అడిగింది. గుంటూరులో మీటింగు పెట్టి ఆ లెక్కలు చదువుతుంటే ఆమె గొంతు వణికింది, అందరూ చప్పట్లు కొట్టారు. రోజూ తన టేబుల్ తుడిచే మనిషిని మాత్రం అడగలేదు. దీప్తికి తల కొట్టేసినట్టయింది.

“మేడం, కారణం అన్నచోట ఏం రాయమంటారు?” అంది సిద్దికా, కాగితం మీంచి తలెత్తకుండా.

“ఆరోగ్యం…” అంటూ మొదలెట్టి ఆగిపోయింది దీప్తి. ఆ ఒక్క ముక్కతో సరిపోతుంది. మెమో ఉండదు, తన పేరూ ఉండదు. అలా తప్పించుకోవాలని మనసు ఎంత గట్టిగా లాగిందో తెలిసి తన మీద తనకే రోత పుట్టింది.

“బాత్‌రూమ్‌కి దీప్తి వెళ్ళనివ్వలేదని రాయి,” అంది చివరికి. “నా పేరుతోనే రాయి. డైరెక్టర్ గారికి నేనే ఇస్తాను.” మెమో చింపేసి మస్తాన్‌బీ వైపు తిరిగింది. “తప్పు నాదండీ. నన్ను క్షమించండి.”

ఆ ‘అండీ’ వినగానే మస్తాన్‌బీ బెదిరిపోయి లేచి నిలబడింది.

“వద్దమ్మా! మేడం పేరు రాయమాక సిద్దికా, నీకు పుణ్యముంటది, కొట్టెయ్. నేనెవురికీ చెప్పలేదమ్మా, అల్లా మీద ఒట్టు. మీరడిగితేనే చెప్పా.”

“మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. నేను చెబుతున్నాగా,” అంది దీప్తి.

మస్తాన్‌బీ నమ్మలేదు. ఈ మేడం మాట నమ్మి ఒకప్పుడు ఇంటికెళ్ళి వచ్చినందుకు ఏం జరిగిందో ఆవిడకు గుర్తుంది. రెండు చేతులూ జోడించింది.

“ఇంక మాననమ్మా,” అంది. “జొరమొచ్చినా వస్తా.”